ర్యామ్ పెంచాక కంప్యూటర్ ఆగిపోతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇది చదవండి



గత టర్మ్‌లో పేరెంట్స్ మీటింగ్ అయిపోయాక పదో తరగతి అమ్మాయి నాన్నగారు ఒకరు మా కంప్యూటర్ ల్యాబ్ దగ్గరికి వచ్చారు. వాళ్లింట్లో తొమ్మిదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉంది. అందులో 4 జీబీ ర్యామ్. నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, నత్తనడక. సరేనని మరో 4 జీబీ స్టిక్ కొని ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో పెట్టించారు. రెండు రోజులు చక్కగా నడిచింది. మూడో రోజు నుంచి అరగంటకో గంటకో బ్లూ స్క్రీన్ రావడం, దానంతటదే రీస్టార్ట్ కావడం మొదలైంది.

పాడైపోయిన ర్యామ్ అంటగట్టారని ఆయన షాపుకు వెళ్లి గొడవ పెట్టుకున్నారు. షాపతను మారుమాట లేకుండా మార్చి ఇచ్చాడు. మళ్లీ అదే తంతు. రెండోసారీ మార్చాడు. మళ్లీ అదే. ఈలోగా విండోస్ పాడైందేమోనని ఎవరో సలహా ఇస్తే ఫార్మాట్ కొట్టించారు. సైన్స్ ఎగ్జిబిషన్ కోసం వాళ్లమ్మాయి నెల రోజుల పాటు రాసుకున్న ప్రాజెక్టు రిపోర్టు డెస్క్‌టాప్ మీదే ఉంది. సి డ్రైవ్‌తో పాటు అదీ పోయింది. బ్లూ స్క్రీన్ మాత్రం పోలేదు.

ఇలాంటి మాట మేం తరచూ వింటూ ఉంటాం. కొత్త కంప్యూటర్ కొనడం కంటే ఉన్నదాంట్లో ర్యామ్ పెంచడం చవక. పిల్లల చదువు అవసరాలకు చాలా ఇళ్లలో అది సరిపోతుంది కూడా. ఇబ్బందల్లా, తేడా వచ్చినప్పుడు ఒకేసారి నాలుగు మందులు మింగించడం. ఎవరి తప్పో తెలియకుండానే షాపు మీద, విండోస్ మీద, చివరికి ఆటలాడుతున్నాడని పిల్లాడి మీద నేరం మోపుతాం. అసలు కారణం తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ఏడో తరగతి సైన్సు పుస్తకం చదివిన పిల్లలెవరైనా మీకు తోడుగా కూర్చుని చేయగలిగిన పద్ధతి అది.

ర్యామ్‌లో తేడా వస్తే ఏమవుతుంది?

ర్యామ్ చిప్ లోపల సమాచారం అతి చిన్న కెపాసిటర్లలో ఉంటుంది. ఛార్జ్ ఉంటే 1, లేకపోతే 0. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్‌కు ఈ పద్ధతి మీద 1968లో పేటెంట్ వచ్చింది. ఈ రోజుకీ మన కంప్యూటర్ల ర్యామ్ ఆ పద్ధతి మీదే నడుస్తోంది. ఈ కెపాసిటర్లు చిల్లికుండల్లాంటివి. నింపిన ఛార్జ్ కారిపోతూనే ఉంటుంది. అందుకే ప్రతి కుండనూ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి మళ్లీ నింపుతూ ఉండాలి. 4 జీబీ స్టిక్‌లో ఇలాంటి కుండలు దాదాపు 3,436 కోట్లు. ఏ ఒక్కదానిలో లెక్క తప్పినా, చిప్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య ఉన్న పిన్ను ఒక్కటి సరిగ్గా తగలకపోయినా 1 కాస్తా 0గా మారిపోతుంది.

అలా మారితే ఏమిటట? ఒక ఉదాహరణ చూడండి. టెక్స్ట్ ఫైల్‌లో 9 అనే అంకెను కంప్యూటర్ 00111001 అని దాచుకుంటుంది. 1 అనే అంకెను 00110001 అని. రెండింటికీ తేడా ఒక్క బిట్. ఆ ఒక్కటి తారుమారైతే 97 మార్కులు 17 అవుతాయి. మార్కుల గురించి మనమెంత కంగారు పడతామో తెలుసు కాబట్టే ఈ ఉదాహరణ ఎంచుకున్నాను. సర్వర్లలో ఇలాంటి తప్పును పట్టుకుని దిద్దే ఈసీసీ అనే ప్రత్యేక ర్యామ్ వాడతారు. మన ఇళ్లలోని మామూలు కంప్యూటర్లలో అది ఉండదు.

బిట్ మారిన చోట విండోస్‌కు అత్యవసరమైన సమాచారం ఉంటే వెంటనే బ్లూ స్క్రీన్ వస్తుంది. నిజానికి అది మన అదృష్టం, ఎందుకంటే తేడా ఉందని తెలిసింది. ఆ చోట మీ అమ్మాయి ప్రాజెక్టు ఫైల్ ఉంటే ఏ హెచ్చరికా రాదు. చెడిపోయిన ఫైలే సేవ్ అవుతుంది. వారం తర్వాత తెరిస్తే తెరుచుకోదు, లేదా ఫోటో సగం నుంచి కింద బూడిద రంగులో కనిపిస్తుంది. ఫార్మాట్ ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ర్యామ్ తేడాగా ఉండగా విండోస్ మళ్లీ ఎక్కిస్తే, ఆ ఎక్కించే ఫైళ్లన్నీ అదే ర్యామ్ గుండా హార్డ్ డిస్క్ మీదికి వెళతాయి. కొత్త విండోస్ పుట్టుకతోనే రోగిష్టిది అవుతుంది.

మొట్టమొదట చేయాల్సింది

ర్యామ్ పెట్టాక కంప్యూటర్ క్రాష్ అవుతుంటే ముందు దాని మీద పని చేయడం ఆపేయండి. చాలామంది వెంటనే పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయడం మొదలుపెడతారు. కాపీ అయ్యే ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే పోతుంది కాబట్టి అది కూడా ఆగి చేయాల్సిన పని. కొత్త స్టిక్ తీసేసి, పాతదాన్ని దాని పాత స్లాట్‌లోనే ఉంచి, కంప్యూటర్ నిలకడగా నడుస్తోందని చూసుకున్నాక పిల్లల ఫైళ్లన్నీ బయటికి కాపీ చేసుకోండి. కాపీ చేసినవాటిలో ముఖ్యమైనవి ఒకసారి తెరిచి చూడండి.

స్టిక్ తీసే తీరు తెలియనివారి కోసం రెండు మాటలు. విండోస్ 10లో మామూలు షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాకపోవచ్చు. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల లోపలి స్థితిలో కొంత భాగం హార్డ్ డిస్క్ మీద దాచి ఉంచుతుంది. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ మీద క్లిక్ చేస్తే పూర్తిగా ఆగుతుంది. ఆ తర్వాత గోడ స్విచ్ ఆపి, పవర్ కేబుల్ వెనక నుంచి పీకేసి, కంప్యూటర్ పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి ఉంచండి. క్యాబినెట్ పక్క తలుపు తీశాక, రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకోండి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు అందులోకి పోతుంది. ర్యామ్‌ను అంచుల దగ్గరే పట్టుకోవాలి, బంగారు రంగు పిన్నులను తాకకూడదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి, చేయనివ్వండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం మీరు గానీ వాళ్లు గానీ విప్పకూడదు. కేబుల్ పీకేసినా దానిలో ప్రమాదకరమైన ఛార్జ్ మిగిలి ఉంటుంది.

ఇప్పుడు పాత ర్యామ్ ఒక్కదానితో రెండు రోజులు మామూలుగా వాడండి. క్రాష్‌లు ఆగిపోతే అనుమానం కొత్త స్టిక్, అది కూర్చున్న స్లాట్, రెండు స్టిక్‌ల జత, ఈ మూడింటి మీదికి వస్తుంది. ఆగకపోతే? అప్పుడు కొత్త ర్యామ్ నిర్దోషి కావచ్చు. క్యాబినెట్ తెరిచినప్పుడు హార్డ్ డిస్క్ కేబుల్ వదులై ఉండవచ్చు, లేదా హార్డ్ డిస్క్‌కే ఇప్పుడు రోజులు దగ్గరపడి ఉండవచ్చు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగినంత మాత్రాన కాకి బరువుకే పండు రాలిందనుకోలేం కదా. మన పెద్దలు దీన్నే కాకతాళీయం అన్నారు. ఈ రెండు రోజుల పరీక్ష దాన్ని తేలుస్తుంది.

కొన్న స్టిక్ మన బోర్డుకు నప్పుతుందా?

విండోస్ 10లో టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద క్లిక్ చేస్తే ర్యామ్ వేగం, ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో కనిపిస్తుంది. బోర్డు మోడల్ పేరు సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ఉంటుంది, లేదా బోర్డు మీదే పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంటుంది. ఆ పేరుతో తయారీదారు వెబ్‌సైట్‌లో వెతికితే ఏ రకం ర్యామ్, గరిష్ఠంగా ఎంత అన్నది దొరుకుతుంది.

డీడీఆర్3, డీడీఆర్4 స్టిక్‌లకు గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది. అసలు తిప్పలు పెట్టేవి దిగిన తర్వాత బయటపడే తేడాలు. ఇంటెల్ జీ41 చిప్‌సెట్ ఉన్న పాత బోర్డులు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. వాటికి 4 జీబీ డీడీఆర్3 స్టిక్ పెట్టాలంటే రెండు వైపులా కలిపి 16 చిప్‌లున్నదే కావాలి. ఒకవైపు మాత్రమే 8 చిప్‌లున్న కొత్త తరం స్టిక్‌ను అవి సరిగ్గా గుర్తించలేవు. స్టిక్ మంచిదే, బోర్డు మంచిదే, జతే కుదరదు. అలాగే ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికొచ్చే చవక స్టిక్‌లు కూడా మార్కెట్‌లో ఉన్నాయి. డీడీఆర్3 ఇప్పుడు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతోంది. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, మీ ఊళ్లోని చిన్న షాపులో కొన్నా బోర్డు మోడల్ పేరు కాగితం మీద రాసుకుని వెళ్లండి. "నప్పకపోతే మార్చి ఇవ్వాలి" అన్న మాటను బిల్లు మీద రాయించుకోండి.

విండోస్ 32 బిట్ అయితే ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీకి మించి వాడుకోలేదు, ఆచరణలో ఇంకా తక్కువే. ఇది క్రాష్‌కు కారణం కాదు, కానీ డబ్బు దండగ కావడానికి కారణం.

నాలుగు పరీక్షలు

ఇక అసలు పని. మీ దగ్గర రెండు స్టిక్‌లున్నాయి, రెండు స్లాట్లున్నాయి. స్టిక్‌ల లేబుల్ మీద చిన్న టేప్ ముక్క అంటించి "పాతది", "కొత్తది" అని రాయించండి. నోటు పుస్తకంలో ఒక పేజీ తీసి, తేదీ, ఏ స్టిక్, ఏ స్లాట్, ఎంతసేపు, ఫలితం అని గడులు గీయించండి. ఒక్కసారికి ఒక్క స్టిక్ మాత్రమే పెట్టి పరీక్షించాలి. పాతది ఒకటో స్లాట్‌లో, కొత్తది ఒకటో స్లాట్‌లో, పాతది రెండో స్లాట్‌లో, కొత్తది రెండో స్లాట్‌లో. అంతే, నాలుగు.

పరీక్షకు మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్ మంచిది. దాన్ని పెన్ డ్రైవ్ మీదికి ఎక్కించి, కంప్యూటర్‌ను ఆ పెన్ డ్రైవ్ నుంచి ఆన్ చేయాలి. విండోస్‌తో పనిలేకుండా అది ర్యామ్‌లోని ప్రతి గడిలోనూ రకరకాల వరుసల్లో 1లు, 0లు రాసి తిరిగి చదువుతుంది. రాసింది ఒకటి, చదివింది ఒకటి అయితే ఎర్రరంగులో చూపిస్తుంది. పాత కంప్యూటర్‌లో 4 జీబీకి ఒక రౌండు పూర్తి కావడానికి గంట పైనే పట్టవచ్చు. కనీసం ఒక పూర్తి రౌండు, వీలైతే రాత్రంతా వదిలేయండి. ఒక్క తప్పు కనిపించినా అది తప్పే. వంద గడుల్లో ఒక్కటే కదా అని సర్దుకునే విషయం కాదిది. పెన్ డ్రైవ్ గొడవ వద్దనుకుంటే విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష ఉంది. అది నడుస్తున్నప్పుడు ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకుని ఎఫ్10 నొక్కండి. అది తప్పు చూపిస్తే నమ్మవచ్చు. ఏమీ లేదంటే మాత్రం నేను మెమ్‌టెస్ట్ కూడా వేసి చూస్తాను.

నాలుగు గడులు నిండాక పేజీని పిల్లల చేతికిచ్చి "దోషి ఎవరు?" అని అడగండి. కొత్త స్టిక్ రెండు స్లాట్లలోనూ తప్పు చూపిస్తే, పాతది రెండింటిలోనూ బాగుంటే, స్టిక్‌దే తప్పు, లేదా బోర్డుకు నప్పనిది. షాపుకు వెళ్లండి, ఆ పేజీ ఫోటో చూపించండి. రెండు స్టిక్‌లూ రెండో స్లాట్‌లోనే తప్పు చూపిస్తే స్లాట్‌ది తప్పు. విడివిడిగా నాలుగింటిలోనూ బాగుండి, రెండూ కలిపి పెడితేనే తప్పులు వస్తే జతది తప్పు.

మొదట చెప్పిన ఇంట్లో జరిగింది రెండోది. ఆ నాన్నగారూ అమ్మాయీ ఒక శని, ఆదివారాలు కూర్చుని ఈ పరీక్ష చేశారు. కొత్త స్టిక్ ఒకటో స్లాట్‌లో రాత్రంతా ఒక్క తప్పూ లేకుండా నడిచింది. ఇన్నాళ్లూ ఏ మచ్చా లేని పాత స్టిక్, రెండో స్లాట్‌లో పెట్టగానే ఇరవై నిమిషాల్లో ఎర్ర గీతలు. తొమ్మిదేళ్లుగా ఖాళీగా ఉన్న స్లాట్ అది. టార్చ్ వేసి చూస్తే లోపల దుమ్ము పేరుకుని మెత్తగా పొరలా ఉంది. వాడని మెత్తటి పెయింట్ బ్రష్‌తో శుభ్రం చేశారు. స్టిక్‌ల పిన్నులను తెల్లటి పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా ఒకటి రెండుసార్లు తుడిచి, రబ్బరు పొడి స్లాట్‌లో పడకుండా దూరంగా దులిపారు. మళ్లీ రెండూ పెట్టి రాత్రంతా పరీక్షించారు. శుభ్రం. షాపతను మార్చి ఇచ్చిన ఆ రెండు స్టిక్‌లూ బహుశా మంచివే. "ఆయనకు ఫోన్ చేసి చెప్పాను సార్, నవ్వాడు" అన్నారు తర్వాత కలిసినప్పుడు.

శుభ్రం చేసినా స్లాట్ బాగుపడకపోతే బోర్డు మార్చేయనక్కర్లేదు. రెండో స్లాట్‌ను వదిలేసి, బోర్డు ఒప్పుకుంటే ఒకటో స్లాట్‌లోనే 8 జీబీ స్టిక్ ఒకటి పెట్టుకోండి. రెండు స్టిక్‌లున్నప్పటి కంటే వేగం కాస్త తగ్గుతుంది, హోంవర్కులకూ ఆన్‌లైన్ క్లాసులకూ అది తెలియనే తెలియదు.

జత కుదరనప్పుడు

పాతది 1333, కొత్తది 1600 మెగాహెర్ట్జ్ అయితే మామూలుగా రెండూ తక్కువ వేగానికే దిగివచ్చి కలిసి నడుస్తాయి. అలా కుదరకపోతే బయోస్‌లోకి వెళ్లి లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్ ఎంచుకోండి. ఎక్స్‌ఎంపీ అనేది ఆన్‌లో ఉంటే ఆపేయండి, అది ర్యామ్‌ను మామూలు కంటే వేగంగా పరిగెత్తించే ఏర్పాటు. డీడీఆర్3కి 1.5 వోల్టులు, డీడీఆర్3ఎల్‌కి 1.35 వోల్టులు కావాలి. ఎల్ రకం సాధారణంగా రెండు వోల్టేజీల్లోనూ నడుస్తుంది. ఎల్ మాత్రమే కోరే ల్యాప్‌టాప్‌లో మామూలు డీడీఆర్3 పెడితే మాత్రం నడవదు, లేదా తిక్కతిక్కగా నడుస్తుంది. ఇవన్నీ చూశాక కూడా జత కుదరకపోతే పాతదాన్ని పక్కన పెట్టేసి, ఒకే కంపెనీ ఒకే మోడల్ స్టిక్‌లు రెండు జతగా కొనుక్కోవడమే తక్కువ తలనొప్పి.

ఒక జాగ్రత్త. బ్రష్ పట్టడం, బయోస్ మార్చడం, స్లాట్ మార్చడం ఒకే రోజు చేసేయకండి. క్రాష్‌లు ఆగిపోవచ్చు, కానీ దేనివల్ల ఆగాయో తెలియదు. మళ్లీ మొదలైతే మళ్లీ మొదటికే. ఒకటి మార్చండి, పరీక్షించండి, రాయండి. లేబొరేటరీలో ఒక్క చరరాశిని మాత్రమే మార్చి మిగతావి స్థిరంగా ఉంచాలని పిల్లలకు చెప్పేది ఇదే. వాళ్లకు ఆ వాక్యం కంఠతా వచ్చు, ఎక్కడ వాడాలో తెలియదు.

అన్ని పరీక్షల్లోనూ ర్యామ్ శుభ్రంగా ఉండి కూడా కంప్యూటర్ ఆగిపోతుంటే బోర్డు మీద స్తంభాల్లా నిలబడి ఉండే కెపాసిటర్లను చూడండి. పైభాగం ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా అక్కడ రోగం ఉన్నట్టే. అది మెకానిక్ పని. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది, సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులోనూ ఇస్తారు. వేసవిలో మధ్యాహ్నం మాత్రమే ఆగిపోతుంటే ముందు ఫ్యాన్ల దుమ్ము దులపండి.

ఇంకొక మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11ను ఇంత పాత ప్రాసెసర్ల మీద అధికారికంగా ఎక్కించలేం. అందుకని పాత కంప్యూటర్ మీద ఎంత డబ్బు పెట్టాలన్నది ఆలోచించుకోండి. ర్యామ్‌కైతే సరే, ర్యామ్‌తో పాటు బోర్డు, ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చాలంటే నేనైతే ఆగుతాను.

మెమ్‌టెస్ట్ పెన్ డ్రైవ్ తయారు చేసుకోవడం కష్టమనిపిస్తే శనివారం మధ్యాహ్నం మీ పిల్లల చేత ఒక పెన్ డ్రైవ్ ల్యాబ్‌కు పంపండి. మేం ఎక్కించి అదే రోజు ఇచ్చేస్తాం. చిన్న సైజుదైనా సరిపోతుంది. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి పెళ్లి ఫోటోలున్నది కాకుండా ఖాళీది పంపండి.

— కంప్యూటర్ ల్యాబ్ ఉపాధ్యాయుడు